మా గొల్లభామ నన్ను చూసి భయపడటం మానేసింది, బెదిరింపు పోజు ఫోటో ఎలా తీయాలి?

కరివేపాకు_బాల్కనీ:

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఇది సిద్దిపేట చీరల గురించి కాదు. గొల్లభామ అని తెలుగులో వెతికితే నాకు పేజీ నిండా చీరలే వచ్చాయి, బాగానే ఉన్నాయి, అమ్మ ఒకటి కొనమంది కూడా, కానీ నాకు కావలసింది పురుగు. ముందుకాళ్ళు ముడుచుకుని దండం పెడుతున్నట్టు కూర్చుంటుందే, అది.

హైదరాబాద్‌లో మా బాల్కనీలో కరివేపాకు కుండీ మీద జూన్‌లో దొరికింది, అప్పటికి గోరంత ఉంది. ప్లాస్టిక్ డబ్బాకి దోమల మెష్ అంటించి అందులో పెంచాను. మొదట్లో అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలు, తర్వాత మామూలు ఈగలు, ఇప్పుడు బొద్దింక పిల్లలు (వాటిని పట్టే డ్యూటీ తమ్ముడిది). ఎన్నిసార్లు కుబుసం విడిచిందో లెక్క తప్పింది గానీ సెప్టెంబర్ మొదటి వారంలో రెక్కలు వచ్చాయి. పచ్చది, ఆడది, ఏడు సెంటీమీటర్ల పైనే ఉంటుంది. హైరోడ్యూలా అని ఇక్కడే ఒకరు గుర్తుపట్టి చెప్పారు. అమ్మ దానికి సత్యభామ అని పేరు పెట్టింది.

రెక్కలొచ్చిన పది రోజులకి అనుకుంటా, డబ్బా మూత తీసి పెట్టి నేను నీళ్ళ స్ప్రే కోసం లోపలికి వెళ్ళాను, ఈలోగా అమ్మ చీపురుతో అటు వచ్చింది. "ఒసేయ్, ఇటు రా, దీనికేదో పూనింది" అని కేక. వచ్చి చూస్తే ముందుకాళ్ళు రెండూ పక్కలకి చాపి, రెక్కలు పైకి లేపి విసనకర్రలా విప్పి, నోరు తెరిచి, పొట్ట పైకీ కిందకీ ఆడిస్తూ నిలబడింది. నా జన్మలో అంత అందమైన కోపం చూడలేదు. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. తెచ్చేసరికి అన్నీ మడిచేసుకుని ఏమీ ఎరగనట్టు మీసాలు తుడుచుకుంటోంది.

అప్పట్నుంచి మూడు వారాలుగా రోజూ ట్రై చేస్తున్నా. వేలు చూపించా, పెన్ను చూపించా, స్టీలు గరిటె చూపించా, అద్దం పెట్టా. మొదటి రెండు రోజులు కాళ్ళు కొంచెం లేపింది. ఇప్పుడు వేలు పెడితే వేలెక్కి, చెయ్యెక్కి, నెత్తి మీదకి వెళ్ళి కూర్చుంటోంది. పేరుకి సత్యభామే గానీ అలక లేదు. సగం లేపిన పోజులవి కొన్ని తీశాను గానీ కళ్ళు షార్ప్‌గా ఉంటే కాళ్ళు మసక, కాళ్ళు బాగుంటే మొహం మసక. వెనకంతా కటిక నలుపు, రెక్కల మీద ఫ్లాష్ తెల్లగా మెరుస్తోంది. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి తొమ్మిదికి తీస్తే కళ్ళు బొగ్గుల్లా నల్లగా పడుతున్నాయి, అదేమైనా జబ్బా అని వేరే టెన్షన్.

నా దగ్గర ఉన్నది కేనన్ ఎంట్రీ లెవెల్ డీఎస్‌ఎల్‌ఆర్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 100 ఎంఎం మాక్రో లెన్స్, ఒక చవక ఫ్లాష్. ఒక ఫోటోగ్రఫీ గ్రూపులో అడిగితే ఒకాయన "ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, కదలదు, మీకు కావలసినట్టు సర్దుకోండి" అన్నాడు. అమ్మ విని ఆయన్నే ఫ్రిజ్‌లో పెట్టమంది. ఆ దారి నాకూ ఇష్టం లేదు. వేరే దారి ఏమైనా ఉంటే చెప్పండి.

మాక్రో_బావ:

మీ సమస్య కెమెరా కాదండీ, చనువు. రోజూ అదే వేలు, అదే పెన్ను, ఏమీ జరగదు. దానికి అర్థమైపోయింది. పెంచేవాళ్ళకి అది మంచి మాటే, ఫోటోకి మాత్రం చెడ్డ మాట. అందుకని మొట్టమొదట చేయాల్సింది ఏమిటంటే పదిహేను రోజులు దాన్ని భయపెట్టే ప్రయత్నం పూర్తిగా మానేయడం. తిండి పెట్టండి, నీళ్ళు చల్లండి, అంతే.

ఈ పదిహేను రోజుల్లో సెటప్ చేసుకోండి, ఎందుకంటే ఈ ఫోటో మొత్తం మొదటి మూడు నాలుగు సెకన్లలోనే ఉంటుంది. నేను నేర్చుకోవడానికి ఏడాది పట్టిన విషయం అదొక్కటే. పురుగు పోజు పెట్టాక ఫోకస్ వెతుక్కునేవాడికి ఎప్పుడూ దొరకదు. అన్నీ పెట్టుకుని కూర్చున్నవాడికి దొరుకుతుంది, అది కూడా పదిసార్లలో ఒకసారి.

ఇక మసక గురించి. మీరు లెన్స్‌ని పూర్తిగా దగ్గరకి తీసుకెళ్ళి తీస్తున్నారనుకుంటా, మాక్రో కొన్న కొత్తలో అందరం చేసే పనే. మీ కెమెరా సెన్సర్‌కి ఒకటికి ఒకటి సైజులో, అంటే పురుగు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేలా తీస్తే, ఎఫ్ 11 పెట్టినా (ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం సన్నబడుతుంది) ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరు కూడా రాదు. అదే కాస్త వెనక్కి జరిగి నాలుగో వంతు సైజులో తీస్తే ఎనిమిది మిల్లీమీటర్ల దాకా వస్తుంది. నాలుగో వంతు అంటే ఫ్రేములో సుమారు 9 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల ఎత్తు పడుతుంది, కెమెరా నిలువుగా తిప్పితే మీ సత్యభామ రెక్కలు విప్పి నిలబడినా సరిపోతుంది. ఎఫ్ నంబరు 22కి, 32కి పెంచేస్తే అంతా షార్ప్ అవుతుందని కొందరంటారు, వినకండి, ఆ సన్నటి రంధ్రంలో వెలుగు చెదిరి ఫోటో మొత్తం మెత్తబడిపోతుంది. 11, మహా అయితే 16.

ఇంకో కిటుకు ఉంది. ఆ పోజులో తల, చాపిన కాళ్ళు, విప్పిన రెక్కలు అన్నీ బెదిరిస్తున్నవాడి వైపు ఒక గోడలా తిరిగి ఉంటాయి. ఎదురుగా, దాని కళ్ళ ఎత్తుకి దిగి, సెన్సర్ ఆ గోడకి సమాంతరంగా ఉండేలా తీస్తే ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువే. పక్క నుంచి ఏటవాలుగా తీశారంటే ఒక కాలు పోయినట్టే. పై నుంచి తీస్తే పురుగు చిన్నదైపోతుంది, ఆ పొగరంతా పోతుంది.

కదిలే పురుగుకి ఫోకస్ స్టాకింగ్, అంటే ఫోకస్ జరుపుతూ తీసిన చాలా ఫ్రేముల్ని ఒకటిగా కలపడం, కుదరదు, ఒక్క ఫ్రేమే. మాన్యువల్ మోడ్, షటర్ 1/200, ఐఎస్‌ఓ 200 నుంచి 400. ఫ్లాష్ పవర్ 1/8కో 1/16కో దించండి. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో కొన్ని వేల వంతు మాత్రమే, పొట్ట ఊపుతున్నా గడ్డకట్టినట్టు వస్తుంది, పైగా వెంటవెంటనే నాలుగైదు ఫ్రేములు కొట్టొచ్చు. ఫుల్ పవర్‌లో ఒకటి కొట్టి ఛార్జ్ అయ్యేదాకా కూర్చుంటే అది ఈలోగా మడిచేసుకుని పడుకుంటుంది.

నలుపు ఎందుకంటే ఫ్లాష్ వెలుగు వెనకదాకా చేరట్లేదు. వెనక ఒక జానెడు దూరంలో ఏదైనా పచ్చటిది పెట్టండి, అరటాకు ముక్క చాలు, మా ఇంట్లో అయితే మా ఆవిడ పాత పచ్చ చున్నీ. మెరుపుకి బటర్ పేపర్ రెండు పొరలు, ఫ్లాష్ ముందు వంపుగా, పురుగుకి వీలైనంత దగ్గరగా. చిప్స్ డబ్బా కోసి లోపల బటర్ పేపర్ అంటించినది నాలుగేళ్ళుగా వాడుతున్నా. చూసి నవ్వినవాళ్ళు తర్వాత కొలతలు అడిగారు.

నల్ల_మిడత:

చిన్న సందేహం. మా ఊళ్ళో మిడతనే గొల్లభామ అంటారు, ఎగిరి గెంతేదాన్ని. ఫోటో చూసేదాకా నాకు మిడతకి పూనకం ఏమిటో అర్థం కాలేదు.

పురుగుల_పంతులు:

మిడతని కూడా కొన్ని చోట్ల అలాగే అంటారు లెండి, గొడవ లేదు. ఇక్కడ మాట్లాడుతున్నది ముందుకాళ్ళతో వేటాడేది, మిడత గడ్డి తింటుంది, ఇది మిడతని తింటుంది.

అమ్మా, కళ్ళు నల్లబడటం జబ్బు కాదు. చీకటి పడ్డాక వెలుగు ఎక్కువ పట్టుకోవడానికి కంటిలోని రంగు పదార్థం జరుగుతుంది, కళ్ళు ముదురు గోధుమో నలుపో అవుతాయి, తెల్లారేసరికి మళ్ళీ పచ్చగా వస్తాయి. ఫోటో కావాలంటే పగలే తీయాలి. పగటిపూట ఆ పచ్చటి కంటిలో చిన్న నల్లచుక్క కనిపిస్తుంది చూడు, నువ్వు ఎటు వెళితే అటే చూస్తున్నట్టు ఉంటుంది. అది నిజమైన కనుపాప కాదు, మన వైపు తిరిగి ఉన్న కంటి గదులు వెలుగుని మింగేయడం వల్ల అక్కడ నల్లగా కనిపిస్తుంది. ఎదురుగా తీసిన ఫోటోలో ఆ రెండు చుక్కలూ సూటిగా చూసేవాడి మీదే ఉంటాయి, సగం ఫోటో దానివల్లే నిలబడుతుంది. రాత్రి తీస్తే అది లేదు.

బావగారు చెప్పిన చనువు మాటకి పాత ఆధారం ఉంది. అర్జెంటీనాలో మాల్డొనాడో అనే ఆయన స్టాగ్మటాప్టెరా అనే గొల్లభామకి పక్షులని చూపించి, అది రెక్కలు విప్పి బెదిరించే తీరు మీద 1970లో ఒక పరిశోధన అచ్చువేశాడు. ఆ మరుసటి ఏడు బాల్డెర్రామా అనే ఆయనతో కలిసి ఇంకోటి, పదేపదే చూపిస్తే ఆ స్పందన ఎలా తగ్గిపోతుందని. నీ గరిటె కథే అది. పక్షి అన్న మాట గుర్తుపెట్టుకో. ఈ పోజు పుట్టింది పిట్టలకోసం, బల్లుల కోసం, అంటే ఎదురుగా, కొంచెం పై నుంచి, ఒక్కసారిగా పెద్దదవుతూ మీదకి వచ్చే వస్తువుకి. మీ అమ్మగారి చీపురు అచ్చం అలాగే వచ్చింది. నువ్వేమో వేలుని జాగ్రత్తగా, మెల్లగా, కింద నుంచి తీసుకెళుతున్నావు, అది చెట్టుకొమ్మ అనుకుని ఎక్కుతోంది. దాని తప్పేముంది?

ఇంకొకటి, కాళ్ళు లేపిన ప్రతిసారీ అది బెదిరింపు కాదు. కాళ్ళు ముందుకి పుల్లల్లా చాపి కొమ్మకి అతుక్కుపోయి ఉంటే దాక్కుంటోందని అర్థం. పక్కపక్కకి ఊగుతుంటే దూరం కొలుచుకుంటోంది, లేదా గాలికి ఆకు ఊగినట్టు నటిస్తోంది. ఆడది రాత్రిపూట పొట్ట చివర కిందకి వంచి రెక్కలు కొద్దిగా ఎత్తి కదలకుండా ఉంటే మగవాడిని వాసనతో పిలుస్తోందన్నమాట, దాన్ని తీసి 'కోపం' అని పేరు పెట్టి పోస్టు చేసేవాళ్ళని చాలామందిని చూశాను. కాళ్ళు పక్కలకి విప్పి లోపలి వైపు రంగు చూపించడం, రెక్కలు లేపడం, నోరు తెరవడం, ఈ మూడూ కలిస్తేనే నువ్వు చూసిన పూనకం.

ఫ్రిజ్ మాట ఎత్తినవాడి గురించి రాస్తే నా బీపీ పెరుగుతుంది. చల్లబరచిన పురుగు పోజు పెట్టదు, మనమే పుల్లలతో పెట్టాలి. చూడటం తెలిసినవాళ్ళకి అది ఇట్టే తెలిసిపోతుంది, కాలివేళ్ళు కొమ్మని పట్టుకోవు, పొట్ట వేలాడుతుంది. దారం కట్టి, జిగురు పెట్టి తీసేవాళ్ళూ ఉన్నారు. వాటికి లైకులు వస్తాయి, అదీ మన ఖర్మ.

నిజమైన పోజు కూడా దానికి ఊరికే రాదు, అది ప్రాణభయం. రోజుకి ఒక్కసారి, వారంలో ఒకటి రెండు రోజులు, అంతకు మించొద్దు. పరిగెత్తినా, ఎగిరినా, వేలిని కొట్టినా ఆ రోజుకి ఆపేయ్. కొడితే ముళ్ళు గుచ్చుకుంటాయి, విషం ఏమీ లేదు, చెయ్యి విదిలించకుండా ఉంటే చాలు, విదిలిస్తే దాని కాలే పోతుంది. కొత్తగా రెక్కలొచ్చినదాన్ని వారం దాకా కదపకూడదు, మీది ఆ దశ దాటింది కాబట్టి పరవాలేదు. కుబుసం విడవబోయే పిల్లలని అసలు ముట్టుకోవద్దు, తలకిందులుగా వేలాడుతూ ఒళ్ళు వదులుకునేటప్పుడు కింద పడితే వంకరగా గట్టిపడిపోతాయి. ఇంట్లో పట్టిన బొద్దింకలు మాత్రం మానేయండి, ఎక్కడ మందు తిని వచ్చాయో ఎవరికి తెలుసు.

కరివేపాకు_బాల్కనీ:

పంతులు గారూ, బావగారూ, ఇద్దరికీ థాంక్స్. రాత్రి పొట్ట వంచుకున్న ఫోటో ఒకటి 'క్రోధం' అని స్టేటస్ పెట్టాను, ఇప్పుడే తీసేశాను, పరువు పోయింది. బొద్దింకలు ఆపేశాం, తమ్ముడు సంతోషించాడు.

ఒక డౌటు. డబ్బాలోనే తీయాలా, బయటికి తేవాలా? బయటికి తెస్తే కర్టెన్ ఎక్కేస్తోంది.

మాక్రో_బావ:

బయటే. కానీ ఆ రోజు తెచ్చి ఆ రోజే తీయొద్దు. ఒక మట్టికుండీలో ఎండుకొమ్మ నిలబెట్టండి, చివర ఒకే ఒక్క చోటు నిలబడటానికి వీలుగా ఉండాలి, ఎందుకంటే ఇవి ఎప్పుడూ పైకి ఎక్కుతాయి, పైన చోటు ఒకటే ఉంటే అక్కడే ఆగుతాయి, మీరు ఫోకస్ అక్కడే పెట్టుకోవచ్చు. ట్రైపాడ్, రిమోట్ లేదా సెల్ఫోన్ యాప్, మాన్యువల్ ఫోకస్. కొమ్మ ఎక్కించి అరగంట వదిలేయండి, ఫ్యాన్ ఆపండి. ముందురోజు కడుపునిండా పెట్టండి, ఆకలితో ఉన్నది ఏది కదిలినా తిండే అనుకుంటుంది. బెదిరించే మనిషి వేరు, షటర్ నొక్కే మనిషి వేరు ఉండాలి. అమ్మగారికి అనుభవం ఉంది కదా.

లైప్‌జిగ్_లో_తెలుగు:

ఆలస్యంగా చూశాను. నేను జర్మనీలో ఉంటున్నా, ఇక్కడ పురుగులు పెంచేవాళ్ళు బాగా ఎక్కువ, వాటికోసం సంతలు కూడా పెడతారు, హాలు నిండా డబ్బాలు, మన చేపల మార్కెట్టులా, వాసన మాత్రం ఉండదు. నా దగ్గర ఇప్పుడు రెండు రకాలు ఉన్నాయి. మలేషియా వైపు అడవుల్లో ఉండే ఎండుటాకు గొల్లభామ, డెరోప్లాటిస్, ఒకటి. తూర్పు ఆఫ్రికా ఇడోలోమాంటిస్ ఒకటి, దాన్ని సైతాను పువ్వు అంటారు, ఆడది పన్నెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, కాళ్ళు లేపిందంటే లోపల ఎరుపు, తెలుపు, నీలం, నలుపు. నెట్‌లో మీరు చూసే గొప్ప బెదిరింపు ఫోటోల్లో చాలావరకు ఇదే ఉంటుంది, కాబట్టి వాటితో పోల్చుకుని బాధపడకండి, అది రంగస్థలం మీద పుట్టింది, మీది పెరట్లో పుట్టింది.

నా అనుభవంలో జాతిని బట్టి కాదు, ఒక్కో పురుగుని బట్టి ఉంటుంది. ఒకే గుడ్లగూడు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళలో ఒకతి నా నీడ పడినా రెక్కలు విప్పేది, రెండోది చచ్చేదాకా ఒక్కసారి కూడా చేయలేదు, కిందపడి చచ్చినట్టు నటించేది. ఆ రెండోదాన్ని నేను ఏడు నెలలు పెంచాను, దాని ఫోటోలు కూడా ఉన్నాయి, ఆకు మీద పడి ఉన్న ఆకు ఫోటోలు.

ఇండియాలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివి విదేశీ రకాలు పార్సిల్‌లో తెప్పించుకుందామనుకుంటే, ఆగండి. బయటి దేశాల కీటకాలకి 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు కింద పర్మిట్ కావాలి. అసలు అవసరం కూడా లేదు. మన దక్షిణాదిలోనే వయొలిన్ ఆకారంలో ఉండే గాంజిలస్ ఉంది, రెక్కల మీద కంటి గుర్తులుండే చిన్న పువ్వు గొల్లభామ క్రియోబ్రోటర్ ఉంది, ఇక్కడివాళ్ళు వాటి కోసం యూరోలు పోస్తారు. అభయారణ్యాల్లో మాత్రం ముట్టుకోకండి, అది నేరం. పెరట్లో దొరికిందే చాలు.

కరివేపాకు_బాల్కనీ:

అప్‌డేట్. పదిహేను రోజులు కాదు, పన్నెండు రోజులు ఆగగలిగాను, అంతే నా ఓపిక.

ఆదివారం పొద్దున్న బావగారు చెప్పినట్టే అన్నీ పెట్టాను. బాల్కనీ తలుపు పక్కన కుండీలో కొమ్మ, వెనక అరటాకు, బటర్ పేపర్, ఎఫ్ 11, ఫ్లాష్ 1/16. సత్యభామ కొమ్మ చివరికి ఎక్కి కూర్చుంది. అమ్మ చీపురు పట్టుకుని లోపల రెడీ. అరగంట ఆగాలి కదా అని ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం, ఇరవై నిమిషాలు కూడా కాలేదు, కాకి ఒకటి వచ్చి బాల్కనీ గ్రిల్ మీద వాలింది. అది రోజూ అమ్మ పెట్టే అన్నం కోసం వచ్చే కాకే. ఇక చూడండి, ఆ రోజుది మళ్ళీ మొత్తం, రెక్కలు, కాళ్ళు, నోరు, పొట్ట, కొమ్మ కూడా ఊగిపోతోంది. నేను టీ గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు, రిమోట్ నొక్కేశాను.

ఐదు ఫ్రేములు పడ్డాయి. మొదటి దాంట్లో తల ఊగి మసక. రెండోది బాగుంది గానీ అది కాకి వైపు తిరిగింది, కాకి నాకు ఎడమ పక్కన ఉంది, అందుకని ఎడమ కాలు షార్ప్‌గా లేదు, కంట్లో చుక్క కూడా నన్ను చూస్తున్నట్టే ఉంది గానీ మొహం మాత్రం కాకి మీదే ఉంది. మూడు, నాలుగు దాదాపు అంతే. ఐదోదానికి మడిచేసుకుంటోంది. రెక్కల మీద మెరుపు లేదు, పచ్చటి వెనకభాగం బాగా వచ్చింది. రెండో ఫ్రేము కింద పెడుతున్నా, కోప్పడకుండా చూడండి.

కాకి ఎగిరిపోయింది, అన్నం తినలేదు. అమ్మ చీపురు వాడలేదు, ఆ రోజుకి చాలని డబ్బాలో పెట్టేశాం.

ఇంకోటి అడగాలి, ఈ రోజు పొద్దున్న చూస్తే మెష్ మూలలో గోధుమరంగు నురగలాంటిది గట్టిపడి ఉంది, ఉసిరికాయలో సగం ఉంటుంది. మగది ఎక్కడా లేదు మరి. ఇవి పొదుగుతాయా?

పురుగుల_పంతులు:

గుడ్లగూడే. పిల్లప్పటి నుంచి నీ దగ్గరే ఉంది, మగదాన్ని కలవలేదు, కాబట్టి అందులోంచి ఏమీ రావు, భయపడకు. మగది లేకపోయినా పెడతాయి, కోడి పెట్టినట్టే. పెట్టాక నీరసంగా ఉంటుంది, ఎక్కువ నీళ్ళు చల్లు, రెండు పెద్ద ఈగలు పెట్టు, వారం పాటు కెమెరా తీయకు. ఫోటో చూశాను, కాలు మసకైతే మసకైంది గానీ నోరు తెరిచింది చూడు, లోపల దవడలు కూడా లెక్కపెట్టొచ్చు.

మాక్రో_బావ:

ఈసారి కుండీని కాకి వాలే చోటికి ఎదురుగా తిప్పండి, కెమెరా కాకికి కాస్త కింద. రోజూ వస్తుందంటున్నారు కదా.